రాత్రి పెసరగింజంత మచ్చ, పొద్దున్నే జానెడు పగులు: చలికి విండ్‌షీల్డ్‌ని ఎలా కాపాడుకుంటున్నారు?

తొలిచలి · మినియాపొలిస్ · జనవరి 14, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. పోయిన ఆగస్టులో నెల్లూరు నుంచి ఇక్కడికి వచ్చాం, ఇదే మా మొదటి చలికాలం. పాత సెడాన్ ఒకటి కొనుక్కున్నాను. అక్టోబర్‌లో హైవే మీద ముందు వెళ్తున్న కంకర లారీ నుంచి రాయి ఎగిరొచ్చి విండ్‌షీల్డ్‌కి తగిలింది. డ్రైవర్ వైపు కింద, పెసరగింజంత మచ్చ. చూపుకి అడ్డం రావడం లేదు కదా అని వదిలేశాను.

ఈరోజు పొద్దున మైనస్ 11 ఫారెన్‌హీట్ (అంటే మైనస్ 24 సెల్సియస్). అద్దం మీద ఐస్ సిమెంటు పూసినట్టు ఉంది. తొమ్మిదింటికి మీటింగ్. కారు స్టార్ట్ చేసి, డీఫ్రాస్ట్ (లోపలి నుంచి అద్దం మీదికి గాలి కొట్టి ఐస్ కరిగించేది) ఫుల్లు, వేడి ఫుల్లు పెట్టి ఒక పక్క నుంచి గీకుతున్నాను. ఐదు నిమిషాలకి నాన్నగారు (ఆరు నెలలు ఉండటానికి వచ్చారు) నా అవస్థ చూడలేక కెటిల్ పట్టుకొచ్చి, "గోరువెచ్చనివేలేరా" అంటూ పోశారు. టిక్ మని చిన్న శబ్దం. ఆ మచ్చ దగ్గర మొదలై జానెడు గీత మా కళ్ల ముందే పాకింది.

నాన్నగారు అప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు. కాఫీ కూడా ముట్టుకోలేదు. నాకు రెండు విషయాలు చెప్పండి. తప్పు నీళ్లదా, మచ్చదా, డీఫ్రాస్ట్‌దా? ఇంకా ఫిబ్రవరి, మార్చి ఉన్నాయి, ఇకముందు ఏం చేయాలి? మూడోది కూడా ఉంది, ఈ గీతతో బండి నడపొచ్చా?

పప్పుచారు · నేపర్‌విల్ · జనవరి 14, ఉదయం 9:58

ముందు నాన్నగారికి కాఫీ ఇవ్వండి. మన ఇళ్లలో ఎవరో ఒకరు ఒక్కసారైనా ఈ పని చేసే ఉంటారు. మా ఇంట్లో చేసింది నేనే, 2019 జనవరి 30న. ఆ రోజు షికాగోలో మైనస్ 23 ఫారెన్‌హీట్, మీ మినియాపొలిస్‌లో మైనస్ 28. పోసిన నీళ్లు వైపర్ దాకా జారేలోపే గడ్డకట్టాయి. అద్దం పగల్లేదు గానీ, అంతకుముందు ఉన్నదానికంటే మందమైన ఐస్ తయారైంది. నా చేత్తో నేనే పోసుకున్న ఐస్! ఇక ఆ రోజు ఎక్కడికీ కదల్లేదు.

గాజుపని · టొలీడో · జనవరి 14, ఉదయం 11:15

మా ఊరికి గ్లాస్ సిటీ అని పేరు. నేనూ పదేళ్లుగా గాజు పరీక్షించే పనిలోనే ఉన్నాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను. ఓపిక పట్టండి.

విండ్‌షీల్డ్ అంటే ఒకే పలక కాదు. ఒక్కోటి సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు గాజు పలకలు, వాటి మధ్య ముప్పావు మిల్లీమీటరు ప్లాస్టిక్ పొర. ఆ పొరని పీవీబీ అంటాం. మామూలుగా పక్క అద్దాలు పగిలితే పటిక బెల్లం పలుకుల్లా రాలిపోతాయి. ముందద్దం మాత్రం బీటలు వారినా రాలకుండా నిలబడుతుంది, ఆ పొర పట్టుకుని ఉంటుంది కాబట్టి. ఫ్రాన్స్‌లో ఎడ్వార్డ్ బెనెడిక్టస్ అనే ఆయన ల్యాబ్‌లో ఒక ఫ్లాస్క్ కిందపడి పగిలింది, కానీ ముక్కలు విడిపోలేదు. లోపల ఎండిపోయిన ప్లాస్టిక్ లాంటి పూత పట్టుకుంది. అక్కడి నుంచి ఆలోచన పట్టి 1909లో పేటెంట్ తీసుకున్నాడు. సరే, మీ అద్దం సంగతికి వస్తాను.

గాజుకి చలితో పేచీ లేదు. మొత్తం పలక ఒకే తీరుగా చల్లబడితే మైనస్ 40లో కూడా కిక్కురుమనదు. ఒక చోట వేడి, పక్కనే చలి ఉన్నప్పుడే గొడవ. గాజులో వేడి నెమ్మదిగా పాకుతుంది. మీరు లోపలి నుంచి వేడి గాలి ఫుల్లుగా కొట్టారు. లోపలి పలక సాగాలని చూస్తుంది, బయటి పలక చల్లగా బిగుసుకుని ఉంటుంది. అప్పుడు లోపలిది బయటిదాన్ని లాగుతుంది. గాజు ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది, లాగితే మాత్రం ఓర్చుకోదు. మరి మీ రాయి దెబ్బ ఎక్కడుంది? సరిగ్గా ఆ బయటి పలక మీదే. బట్టకి అంచున చిన్న గాటు పెట్టి లాగితే ఏమవుతుందో తెలుసు కదా.

లెక్క కావాలంటే, మీటరున్నర వెడల్పు గాజు 40 సెల్సియస్ డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరు సాగాలి. అంచులేమో ఫ్రేముకి అంటుకుని చల్లగా ఉన్నాయి. సాగే చోటు లేక ఆ అర మిల్లీమీటరే బలంగా మారి, ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ చీల్చుకుంటుంది. మచ్చ లేని అద్దాలకి పగుళ్లు ఎక్కువగా అంచుల దగ్గర మొదలవడానికి కారణం కూడా ఇదే.

పైగా అక్టోబర్ నుంచి ఆ మచ్చలోకి నీళ్లు చేరి గడ్డకడుతూ, కరుగుతూ ఉన్నాయి. నీళ్లు ఐస్ అయితే పరిమాణం 9 శాతం పెరుగుతుంది. ప్రతి రాత్రీ ఎవరో లోపల చిన్న మేకు దిగ్గొట్టినట్టే అనుకోండి.

కాబట్టి నా తీర్పు ఇది. మచ్చని మూడు నెలలు వదిలేయడం అసలు తప్పు. చల్లటి అద్దం మీద ఫుల్లు వేడి రెండో తప్పు. నాన్నగారిది ఆఖరి తోపు మాత్రమే. కెటిల్ రాకపోయినా ఈ వారమో వచ్చే వారమో ఆ గీత వచ్చి ఉండేది.

తొలిచలి · మినియాపొలిస్ · జనవరి 14, ఉదయం 11:40

మొత్తం నాన్నగారికి చదివి వినిపించాను. "ఆఖరి తోపు" దగ్గర మళ్లీ మొహం ముడుచుకున్నారు. కానీ కాఫీ తాగారు. థాంక్స్ అండీ.

ఫ్రిస్కోరాజు · ఫ్రిస్కో, టెక్సస్ · జనవరి 14, మధ్యాహ్నం 12:20

నేను పదిహేనేళ్లుగా నీళ్లే పోస్తున్నాను, వేడివి. ఏమీ కాలేదు. 2021 ఫిబ్రవరిలో మా డాలస్ ఎయిర్‌పోర్ట్ దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్ అయినప్పుడు కూడా పోశాను. ఊరికే భయపెట్టకండి.

పప్పుచారు · నేపర్‌విల్ · జనవరి 14, మధ్యాహ్నం 12:31

రాజుగారూ, మీకు ఏడాదికి మూడు రోజులు చలి. అందులో రెండు రోజులు కరెంటు ఉండదు. మీ సర్వే మాకు చెల్లదు.

ఫ్రిస్కోరాజు · ఫ్రిస్కో, టెక్సస్ · జనవరి 14, మధ్యాహ్నం 12:35

😄 కరెంటు మాట ఎత్తకండి. ఆ వారం గ్యాస్ స్టవ్ మీద నీళ్లు కాచుకుని బతికాం.

గాజుపని · టొలీడో · జనవరి 14, మధ్యాహ్నం 1:05

రాజుగారి అద్దానికి మచ్చ లేదు, అంచులు బాగున్నాయి, అందుకే బతికిపోయింది. హెల్మెట్ లేకుండా పదిహేనేళ్లు బండి నడిపినవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. ఇంకో సంగతి, "గోరువెచ్చన" అన్నది చేతికి గోరువెచ్చన. మైనస్ 24 సెల్సియస్‌లో ఉన్న గాజుకి 40 డిగ్రీల నీళ్లంటే 64 డిగ్రీల తేడా. దానికది మరిగే నీళ్లే. చన్నీళ్లు పోసినా లాభం లేదు, గడ్డకట్టి కూర్చుంటాయి.

చినూక్‌గాలి · కాల్గరీ · జనవరి 14, మధ్యాహ్నం 2:50

ఇంత పెద్ద చర్చలో కాల్గరీ వాళ్లని పిలవకపోవడం అన్యాయం. మా ఆల్బర్టాలో పగులు లేని విండ్‌షీల్డ్ కనిపిస్తే కారు కొత్తదనుకుంటాం. ఇక్కడ రోడ్డు జారకుండా ఉప్పుతో పాటు ఇసుక, సన్న కంకర కూడా చల్లుతారు. ఉప్పు చలి ముదిరితే పనిచేయదు మరి, మైనస్ 10 సెల్సియస్ దాటాక మామూలు ఉప్పుకి ఓపిక తగ్గిపోతుంది. ఆ కంకర టైర్ల కింద పడి వెనకున్నవాడి అద్దానికి తగులుతుంది. మంచు తీసే బండికీ, లారీకీ వెనక అంటుకుని వెళ్లకండి. నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే, మూడు అద్దాలు మార్చాక.

రెండోది చినూక్. రాకీ పర్వతాలు దిగి వచ్చే పొడి వెచ్చటి గాలి. పొద్దున మైనస్ 20 సెల్సియస్, మధ్యాహ్నం ప్లస్ 5. జనం టీషర్టులు వేసుకుని బయటికొస్తారు, అద్దాలు మాత్రం ఏడుస్తాయి. ఇలాంటి గాలే సౌత్ డకోటాలో స్పియర్‌ఫిష్ అనే ఊళ్లో 1943 జనవరి 22న వీచింది. పొద్దున ఏడున్నరకి మైనస్ 20, రెండు నిమిషాల్లో ప్లస్ 7. తొమ్మిదింటికల్లా 12 దాకా పోయి, మళ్లీ 27 నిమిషాల్లో మైనస్ 20కి పడిపోయింది. ఇళ్ల కిటికీ అద్దాలు పగిలాయట, కార్ల విండ్‌షీల్డ్‌లు చూస్తుండగానే మంచు పట్టేశాయట. (అన్నీ సెల్సియస్ లెక్కలే. మీ ఫారెన్‌హీట్ నాకు ఇప్పటికీ అర్థం కాదు.)

ఎడిసన్‌అమ్మ · ఎడిసన్ · జనవరి 14, సాయంత్రం 6:10

ఈ అబ్బాయిలందరూ పగిలాక ఏం చేయాలో చెప్తున్నారు. అసలు ఐస్ పట్టకుండా చేయొచ్చు కదా? రాత్రే అద్దం మీద కవర్ వేస్తే పొద్దున్న గీకే పనే లేదు, వేడి కొట్టే పనే లేదు. నేను నాలుగేళ్లుగా వాడుతున్నాను. చివర్లు రెండు తలుపుల మధ్య ఇరికించి మూసేయాలి, లేకపోతే గాలికి పక్కింటివాళ్ల డ్రైవ్‌వేలో తేలుతుంది.

కానీ ఒక్క మాట. కవర్ అంటే కవరే. మా అత్తగారు ఒకసారి పాత దుప్పటి కప్పారు, నూలుది. రాత్రి ముందు సన్న వాన, తర్వాత స్నో. దుప్పటి తడిసి, గడ్డకట్టి, అద్దానికి చర్మంలా అతుక్కుపోయింది. లాగితే చిరిగింది గానీ ఊడలేదు. సగం దుప్పటితో కారు రెండు రోజులు అలాగే నిలబడింది. అట్టముక్కలదీ అంతే, తడిస్తే జిగురైపోతాయి. నీళ్లు పీల్చుకోనిది కప్పాలి.

గాజుపని · టొలీడో · జనవరి 14, సాయంత్రం 6:45

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కవర్ ఎందుకు పనిచేస్తుందో కూడా చెప్తాను. మబ్బుల్లేని రాత్రి అద్దం తన వేడిని నేరుగా ఆకాశానికి వదిలేస్తుంది. అందుకే గాలి ఇంకా సున్నాకి దిగకముందే అద్దం సున్నా దాటిపోయి, దాని మీద ఫ్రాస్ట్, అంటే సన్నటి మంచు పొర, పడుతుంది. చెట్టు కిందో, కార్‌పోర్ట్ కిందో పెట్టిన కారుకి తక్కువ పట్టేది ఇందుకే. పైన ఏదో ఒకటి అడ్డు ఉండాలి, అంతే. ఏదీ లేకపోతే కారు ముఖం తూర్పుకి పెట్టండి, పొద్దుటి ఎండ సగం పని చేస్తుంది. జనవరిలో ఎండ వచ్చేసరికి మీ మీటింగ్ అయిపోతుంది, అది వేరే సంగతి.

వడగళ్లు · మాడిసన్ · జనవరి 14, రాత్రి 8:20

వైపర్లు పైకి లేపి పెట్టాలా వద్దా? మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో స్నో పడే రాత్రి అందరూ లేపుతారు, కార్లన్నీ చేతులెత్తి లొంగిపోయినట్టు ఉంటాయి.

చినూక్‌గాలి · కాల్గరీ · జనవరి 14, రాత్రి 8:41

లేపకండి. గాలి గట్టిగా కొడితే ఆ చేయి ఠపీమని వచ్చి అద్దం మీద పడుతుంది. బ్లేడు ఊడి ఉంటే ఇనుము నేరుగా గాజుకి తగులుతుంది. నా రెండో అద్దం అలాగే పోయింది.

సెయింట్‌పాల్‌శీను · సెయింట్ పాల్ · జనవరి 14, రాత్రి 9:02

నేను లేపుతాను. పన్నెండేళ్లుగా. రబ్బరు అద్దానికి అతుక్కుని, లాగితే చిరిగిపోవడం కంటే నయం. గాలి ఉన్న రాత్రి లేపను, అంతే. కొన్ని కార్లలో వైపర్లు బానెట్ కింద దాక్కుంటాయి, వాటిని ఊరికే చేత్తో లాగితే పెయింట్ పోతుంది, సర్వీస్ పొజిషన్‌లో (వైపర్లు అద్దం పైకి వచ్చి ఆగే సెట్టింగ్) పెట్టి లేపాలి.

లేపినా లేపకపోయినా, కారు ఆపేముందు వైపర్ స్విచ్ ఆఫ్ చేయండి. ఆటో మోడ్ కూడా. అది ఆన్‌లో ఉండగా పొద్దున్న స్టార్ట్ చేస్తే, అతుక్కుపోయిన బ్లేడుని మోటారు లాగుతుంది. ఫ్యూజ్ పోతే అదృష్టం, మోటారో లింకేజో పోతే డబ్బులు.

తొలిచలి తమ్ముడూ, నీ మూడో ప్రశ్నని అందరూ మర్చిపోయారు. మన మినెసోటా చట్టంలో రెండు ముక్కలున్నాయి. చూపుకి అడ్డొచ్చేంత పగులున్న విండ్‌షీల్డ్‌తో నడపకూడదు. ఆవిరో ఫ్రాస్టో పట్టి సరిగా కనిపించని అద్దంతోనూ నడపకూడదు. చాలామంది రెండోదాన్ని పట్టించుకోరు. అరచేయంత కంత గీకి, జలాంతర్గామిలోంచి చూసినట్టు చూస్తూ పోతుంటారు. పోలీసు ఆపితే చలిలో ఆయనా నిలబడాలి, నువ్వూ నిలబడాలి. నీ గీత ఎదురుగా లేకుండా కింద ఉంటే షాపు దాకా నడిపించుకోవచ్చు. వేడి చాలా తక్కువ పెట్టుకో, గుంతలు తప్పించుకో.

తొలిచలి · మినియాపొలిస్ · జనవరి 14, రాత్రి 9:30

జలాంతర్గామి, నిన్న నేనే 😔

గీత మచ్చ నుంచి పక్కకి పోయింది, పైకి పోలేదు. రిపేర్ అవుతుందా, మార్చాలా?

గాజుపని · టొలీడో · జనవరి 14, రాత్రి 10:15

జానెడు అంటున్నారు, అంటే దాదాపు తొమ్మిది అంగుళాలు. పైగా లోపల మూడు నెలల మురికి, నీళ్లు. నన్నడిగితే మార్చేయండి. మచ్చ మచ్చగా ఉన్నప్పుడే వెళ్లి ఉంటే, క్వార్టర్ నాణెం (పాతిక సెంట్లది) లోపు ఉన్నవాటిని రెసిన్ అనే జిగురు ఎక్కించి అరగంటలో పూడ్చేస్తారు. అతినీలలోహిత దీపం కింద అది గట్టిపడుతుంది. మీరు అక్టోబర్‌లో వదిలేసింది ఆ అరగంటనే.

మిగతావాళ్లకి: రాయి తగిలిన రోజే ఆ మచ్చ మీద మామూలు పారదర్శక టేపు ముక్క అతికించండి. అదేమీ రిపేర్ కాదు, లోపలికి నీళ్లు, మట్టి, ఉప్పు పోకుండా ఆపుతుంది. పొడిగా, శుభ్రంగా ఉన్న మచ్చలోకే రెసిన్ బాగా దిగుతుంది. ఆ వారంలోనే షాపుకి వెళ్లండి. ఇంట్లో చేసుకునే కిట్లు దొరుకుతాయి, పనిచేస్తాయి కూడా, కానీ మైనస్‌లో బయట నిలబడి చేస్తే రెసిన్ చిక్కబడి పగుల్లోకి దిగదు. వెచ్చటి గరాజ్ ఉంటేనే ప్రయత్నించండి.

లంబసింగిలోయ · నర్సీపట్నం · జనవరి 15, ఉదయం 9:47 (భారత సమయం)

మీ మైనస్‌లు చూస్తే వణుకొస్తోంది. నేను డిసెంబర్, జనవరిలో లంబసింగికి టూరిస్టులని తిప్పుతాను. మాది సున్నా దగ్గర చలి. మాకు అద్దం పగలదు గానీ, లోపల ఏడుగురు ఊపిరి వదులుతుంటే ఆవిరి పట్టి ఏమీ కనపడదు. తుడిచిన కొద్దీ పడుతుంది. ఘాట్ రోడ్డులో టెన్షన్. మీవాళ్లు ఏం చేస్తారు?

సెయింట్‌పాల్‌శీను · సెయింట్ పాల్ · జనవరి 14, రాత్రి 10:20

అన్నా, గుడ్డతో తుడవకు, అద్దం మీద జిడ్డు పేరుకుని ఇంకా పడుతుంది. చలి కదా అని ఏసీ ఆపేస్తారు, అదే పొరపాటు. ఏసీ గాలిలోని తేమని పిండేస్తుంది. ఏసీ వేసి, దాంతోపాటే హీటర్ కూడా పెట్టి గాలి అద్దం మీదికి తిప్పు. లోపలి గాలే తిరిగే బటన్ ఉంటుంది కదా, రీసర్క్యులేషన్, అది ఆపేయి. బయటి చలి గాలిలో తేమ తక్కువ. మా దగ్గర ఇంకో తంటా, బూట్లకి అంటుకొచ్చిన స్నో మ్యాట్ల మీద కరిగి, రాత్రికి ఆవిరై, పొద్దున్నకి అద్దం లోపలి వైపు కూడా ఫ్రాస్ట్ అవుతుంది. లోపల గీకడం ఎంత నరకమో గీకినవాడికే తెలుసు. దిగే ముందు మ్యాట్లు దులపండి.

లంబసింగిలోయ · నర్సీపట్నం · జనవరి 15, ఉదయం 10:15 (భారత సమయం)

ఏసీ మాట నిజమా! చలిలో ఏసీ వేస్తే పాసింజర్లు నన్ను కొడతారనుకున్నాను. రేపు చూస్తాను.

పప్పుచారు · నేపర్‌విల్ · జనవరి 15, ఉదయం 7:45

డీఫ్రాస్ట్ సంగతి తేల్చండి. ఫుల్లు పెట్టొద్దంటే ఎంత పెట్టాలి?

గాజుపని · టొలీడో · జనవరి 15, ఉదయం 8:30

కారు స్టార్ట్ చేసిన వెంటనే డీఫ్రాస్ట్ వేసేసినా ఇబ్బంది లేదు. ఇంజిన్ చల్లగా ఉంటుంది కాబట్టి గాలి కూడా చల్లగా మొదలై, ఇంజిన్‌తో పాటే మెల్లగా వేడెక్కుతుంది. అదే అద్దానికి కావలసింది. నాబ్ సగంలో పెట్టి పది నిమిషాలు ఆగండి. ఇంజిన్ వేడెక్కాక గాలిని ఒక్కసారిగా అద్దం మీదికి తిప్పడమే ప్రమాదం. ఎలక్ట్రిక్ కార్లలో వేడి చాలా త్వరగా వస్తుంది, వాళ్లు ఫోన్ నుంచి ముందుగానే ప్రీకండిషన్ చేసుకుంటే, అంటే ఎక్కకముందే కారుని మెల్లగా వేడి చేసుకుంటే నయం. రిమోట్ స్టార్ట్ ఉన్నవాళ్లకీ అంతే.

కారు స్టార్ట్‌లో వదిలేసి ఇంట్లోకి పోయే అలవాటు ఉంటే మీ రాష్ట్రం రూలు చూసుకోండి. కొలరాడోలో దాన్ని పఫింగ్ అంటారు, తాళంచెవి వదిలి వెళ్తే టికెట్ ఇస్తారు, రిమోట్ స్టార్ట్ అయితే మినహాయింపు ఉంది. ఇక మూసిన గరాజ్‌లో మాత్రం ఒక్క నిమిషం కూడా వద్దు. తలుపు తెరిచి ఉన్నా వద్దు, బయటికి తీసి స్టార్ట్‌లో ఉంచండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

వడగళ్లు · మాడిసన్ · జనవరి 15, ఉదయం 9:10

నాది ఒక అవమానం చెప్పనా. మొదటి ఏడాది వాషర్ ట్యాంకులో (అద్దం కడగడానికి చిమ్మే ద్రవం ఉండేది) కుళాయి నీళ్లు పోసి, ఊళ్లో అలవాటు కొద్దీ కాస్త షాంపూ కలిపాను. డిసెంబర్‌లో ట్యాంకు ఐస్ గడ్డయి పగిలింది, పంపు కూడా పోయింది. వసంతం వచ్చాక కారు కింద నురగ.

చినూక్‌గాలి · కాల్గరీ · జనవరి 15, ఉదయం 10:05

😂😂 నీలి రంగు వింటర్ ఫ్లూయిడ్ కొనండి, డబ్బా మీద ఎంత చలి దాకా పనికొస్తుందో రాసి ఉంటుంది. అమెరికాలో మైనస్ 20 ఫారెన్‌హీట్ అని ఉంటుంది, మా దగ్గర మైనస్ 40 అని. మైనస్ 40 మాత్రం ఫారెన్‌హీట్‌లోనూ, సెల్సియస్‌లోనూ ఒకటే, అక్కడ మనకి గొడవ లేదు.

ఒక జాగ్రత్త. డబ్బా మీద మైనస్ 20 ఉంది కదా అని సున్నా ఫారెన్‌హీట్‌లో హైవే ఎక్కగానే కొట్టకండి. వేగంలో గాలికి ఆల్కహాల్ ముందే ఎగిరిపోయి, మిగిలిన నీళ్లు అద్దం మీద గడ్డకడతాయి. ఒక్క సెకనులో ముందేమీ కనపడదు. అద్దం వేడెక్కాకే కొట్టాలి. ఇంకొకటి, అందులో మెథనాల్ ఉంటుంది, విషం. పిల్లలకి, కుక్కలకి అందకుండా పెట్టండి, చూడటానికి శర్బత్‌లా ఉంటుంది.

ఎడిసన్‌అమ్మ · ఎడిసన్ · జనవరి 15, ఉదయం 11:30

ఐస్ పట్టేశాక నేను స్ప్రే వాడతాను. ఫార్మసీలో దొరికే 70 శాతం రబ్బింగ్ ఆల్కహాల్ రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు. కొట్టి నిమిషం ఆగితే ఐస్ మెత్తబడి గీకితే లేచొస్తుంది. వేడి లేదు, అద్దానికి దెబ్బ లేదు. సీసా కారులో కాదు, ఇంట్లో పెట్టుకోండి, కారు తలుపే గడ్డకడితే సీసా లోపలే ఉండిపోతుంది. అనుభవం!

సెయింట్‌పాల్‌శీను · సెయింట్ పాల్ · జనవరి 15, మధ్యాహ్నం 12:15

అక్కా, మీ న్యూజెర్సీ చలికి సరిపోతుంది. మా చలికి నేను నీళ్లు కలపను, 70 శాతందే నేరుగా పోసుకుంటాను. సీసాలో అన్నాను, నోట్లో కాదు. సిగరెట్ దగ్గర వాడకండి, మండుతుంది. ఉప్పు నీళ్లు కొట్టమని కొందరు చెప్తారు, వద్దు, అద్దం కింద ఇనుము తుప్పు పడుతుంది. వెనిగర్ మన చలికి వెనిగర్ ఐస్ అవుతుంది, అంతే.

గీకడానికి ప్లాస్టిక్ స్క్రేపరే వాడండి. మా రూమ్మేట్ ఒకడు వంటింట్లో అట్లకాడ తెచ్చి గీకాడు. ఇప్పటికీ ఎదురు లైట్లు పడితే ఆ గీతలన్నీ ఇంద్రధనుస్సులా మెరుస్తాయి.

ఎడిసన్‌అమ్మ · ఎడిసన్ · జనవరి 15, మధ్యాహ్నం 12:40

ఇంకొకటి రాయడం మర్చిపోయాను. అద్దం తుడిచి టాపు మీద స్నో వదిలేస్తారు చూడండి, వాళ్ల మీద నాకు కోపం. బ్రేక్ వేయగానే ఆ దిబ్బంతా జారి మీ అద్దం మీదే పడుతుంది, వైపర్లు లేవలేవు. హైవే మీద పలకలా ఎగిరి వెనకవాళ్ల అద్దం పగలగొడుతుంది. మా న్యూజెర్సీలో దులపకపోతే 25 నుంచి 75 డాలర్ల జరిమానా. అది ఎగిరి ఎవరికైనా దెబ్బ తగిలితేనో, ఆస్తి పాడైతేనో 200 నుంచి 1000. పొడుగు బ్రష్ కొనండి, నేను ఐదడుగులు కూడా లేను, నాకే అందుతుంది.

తొలిచలి · మినియాపొలిస్ · జనవరి 18, రాత్రి 7:50

అప్‌డేట్. అద్దం మార్పించాను. ఇన్సూరెన్స్‌లో కాంప్రహెన్సివ్ (యాక్సిడెంట్ కాని నష్టాలకి ఇచ్చేది) ఉంది గానీ డిడక్టబుల్, అంటే ముందు మన జేబులోంచి పెట్టాల్సింది, 500 డాలర్లు, గ్లాస్‌కి విడిగా కవరేజ్ తీసుకోలేదు. మొదట ఒక షాపు ఫోన్‌లో ఒక రేటు చెప్పి, తీరా వెళ్లాక "కెమెరా క్యాలిబ్రేషన్ వేరే" అన్నారు. అద్దం వెనక లేన్ చూసే కెమెరా ఉంది, అద్దం మారిస్తే దాన్ని మళ్లీ సరిచేయాలట. ఇంకో షాపులో రెండూ కలిపి రేటు రాయించుకుని చేయించాను. ఫోన్ చేసేటప్పుడే ఆ మాట అడగండి, నాలా చలిలో రెండు షాపులు తిరగొద్దు.

కవర్ కొన్నాం. దాని బాధ్యత నాన్నగారు తీసుకున్నారు. సాయంత్రం ఆరింటికల్లా కోటు, టోపీ, రెండు మఫ్లర్లు వేసుకుని బయటికి వెళ్లి కప్పి వస్తున్నారు, కోళ్లగూడు మూసినట్టు.

ఒక సందేహం. అద్దం చుట్టూ పైన టేపు అతికించారు. తీసేయొచ్చా?

గాజుపని · టొలీడో · జనవరి 18, రాత్రి 8:25

షాపువాళ్లు ఎన్ని రోజులన్నారో అన్ని రోజులు ఉంచండి. ఆ అద్దాన్ని పట్టుకునే యురేథేన్ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. చలికాలం గాలి చల్లన, పైగా పొడి, కాబట్టి ఆలస్యంగా ఆరుతుంది. ఈ రెండు మూడు రోజులు కార్‌వాష్ వద్దు. కిటికీ ఒక వేలెడు దించి ఉంచండి, తలుపులు మెల్లగా వేయండి. అన్ని అద్దాలూ మూసి తలుపు ధడేల్మని వేస్తే లోపలి గాలి ఒత్తిడి ఆ పచ్చి జిగురునే తోస్తుంది. నాన్నగారికి కూడా చెప్పండి.

తొలిచలి · మినియాపొలిస్ · జనవరి 18, రాత్రి 8:40

చెప్పాను. ఆయన ముప్పై ఏళ్లు అంబాసిడర్ నడిపిన మనిషి. తలుపు వేస్తే వీధి చివరికి వినపడాలి, లేకపోతే పడలేదని మళ్లీ తీసి వేస్తారు. ఈ మూడు రోజులూ ఆయన ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తలుపు నేనే వేస్తున్నాను.